చెరువు పేరు, బుల్డోజరు తీరు

చెరువును కాపాడతానని ముందుకు వచ్చిన పాలకుని పక్షాన నిలబడటం పౌరుని ధర్మం. అదే పాలకుడు చెరువు పేరు చెప్పి పేదవాని గూడు కూల్చి, మరొక చేత్తో అడవిని యంత్రాలకు అప్పగించినప్పుడు, ఎదురు నిలిచి లెక్క అడగడం కూడా అదే ధర్మం. తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ ఎనుముల రేవంత్ రెడ్డి గారి విషయంలో ఈ రాష్ట్రంలోని పర్యావరణ హితైషులు, వారిలో భాగమైన ముస్లిం పౌరులు మొదటి ధర్మాన్ని మనస్ఫూర్తిగా నెరవేర్చారు. రెండవదానిని నెరవేర్చవలసిన సమయం వచ్చింది.

2023 డిసెంబరు 7న ఆయన ప్రమాణ స్వీకారం చేసిననాడు ప్రగతి భవన్ ముందరి ఇనుప కంచెలు తొలగిపోయాయి. తొమ్మిదిన్నరేళ్లు జనానికి ముఖం చూపని పాలన ముగిసిందని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. 2024 జూలై 19న 99వ నంబరు ఉత్తర్వుతో హైడ్రా పుట్టింది. ఔటర్ రింగ్ రోడ్డు దాకా చెరువులను, నాలాలను, ప్రభుత్వ స్థలాలను కాపాడటం దాని బాధ్యత అన్నారు. ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఒక ప్రముఖ సినీ నటునికి చెందిన ఎన్ కన్వెన్షన్ సభామందిరం నేలకూలినప్పుడు, ఇన్నాళ్లకు చట్టం పెద్దవాని గడప కూడా తొక్కిందన్న సంతోషం నగరమంతటా వ్యాపించింది. ఆ సంతోషంలో మనమూ ఉన్నాము. దానికి బలమైన కారణం ఉన్నది.

చెరువుతో మన బస్తీలకున్న సంబంధం

పర్యావరణమంటే కొండాపూర్‌లో ఉదయపు నడకకు వెళ్లేవారి ముచ్చట అని, ముస్లిం బస్తీకి దానితో నిమిత్తం లేదని అనుకునేవారు రెండు పక్షాలలోనూ ఉన్నారు. 2020 అక్టోబరు ఆ భ్రమను కడిగివేసింది. గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు నీరు వచ్చి పడింది హాఫిజ్‌బాబానగర్ మీద. పల్లె చెరువు పొంగినప్పుడు మునిగింది అల్ జుబైల్ కాలనీ. బియ్యం డబ్బాలు, పిల్లల పుస్తకాలు, కుట్టుమిషన్లు, ఏళ్ల తరబడి కూడబెట్టిన పెళ్లి సామాను ఆ నీటిలో కొట్టుకుపోయాయి. మనుషులూ పోయారు. చెరువు గర్భాన్ని ప్లాట్లుగా కోసి అమ్ముకున్నవాడు ఆ రాత్రి ఏ కొండమీది భవంతిలోనో నిద్రపోయి ఉంటాడు. నోటరీ కాగితం మీద ఆ ప్లాటు కొన్నవాడు పిల్లలను భుజాన వేసుకుని మేడ మీదకు పరుగెత్తాడు.

అంతకు వంద సంవత్సరాలకు పైగా ముందు, 1908 సెప్టెంబరు 28న మూసీ వరద సుమారు 15 వేల ప్రాణాలను బలిగొన్నది. ఆ విషాదం నుండి అప్పటి పాలకులు నేర్చుకున్న పాఠానికి రూపమే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు బస్తీలను తొలగించింది, తొలగించిన చోట్ల పేదలకు ఇళ్లు కూడా కట్టించింది. రాచరికపు రోజులలోనే నీటి భద్రతనూ నిర్వాసితుని గూడునూ కలిపి ఆలోచించిన నగరం ఇది.

మన ధర్మం ఈ విషయంలో మౌనంగా లేదు. మదీనా పరిసరాలను హరమ్‌గా ప్రకటించి, అక్కడ చెట్లు నరకడాన్ని, వేటాడటాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (స) నిషేధించారు. ఒక మొక్క నాటితే దాని ఫలం తిన్న పక్షి మూలంగానైనా నాటినవానికి సదఖా పుణ్యం లభిస్తుందని బోధించారు. పారుతున్న ఏటి ఒడ్డున కూర్చుని వుజూ చేసేవాడు సైతం నీటిని వృథా చేయరాదన్నది మనం చిన్ననాటి నుండి వింటున్న మాట. నేల, నీరు, చెట్టు మనకు అమానత్. అమానత్‌లో ఖియానత్ చేసినవాడు ఎవడైనా, వాడు ఏ జెండా పట్టినా, ప్రశ్నించవలసిందే. హైడ్రాకు మనమిచ్చిన మద్దతుకు పునాది ఇదే. నేడు మనం వేస్తున్న ప్రశ్నలకు పునాది కూడా ఇదే.

ఒకే చట్టం, వేరు వేరు గడువులు

చెరువు శిఖం భూమిలో కట్టిన కట్టడం అక్రమమే. దానిని తొలగించే పద్ధతి మాత్రం యజమాని హోదాను బట్టి మారరాదు. 2024 ఆగస్టు చివరలో దుర్గం చెరువు ఒడ్డున ఉన్న సంపన్నుల ఇళ్లకు రెవెన్యూ అధికారులు నోటీసులు అంటించారు. వాటిలో ముఖ్యమంత్రి సోదరుని ఇల్లు కూడా ఉన్నది. తొలగించుకోవడానికి 30 రోజుల గడువు ఇచ్చారు. ఈలోగా యజమానులు హైకోర్టుకు వెళ్లగలిగారు. వారి అభ్యంతరాలు వినమని న్యాయస్థానం అధికారులను ఆదేశించింది. ఇది సరైన పద్ధతి. దీనిని తప్పు పట్టవలసిన పని లేదు.

తప్పు పట్టవలసింది, అదే పద్ధతి సెప్టెంబరు 22న కనబడకపోవడాన్ని. అది ఆదివారం. కోర్టుకు సెలవు. ఆ రోజు అమీన్‌పూర్‌లో, కూకట్‌పల్లి నల్లచెరువు దగ్గర యంత్రాలు దిగాయి. సామాను బయటకు తెచ్చుకునే వ్యవధి లేక ఆడవాళ్లు గోడల మధ్య నిలబడి ఏడ్చిన దృశ్యాలను రాష్ట్రమంతా చూసింది. సెప్టెంబరు 30న హైకోర్టు హైడ్రా కమిషనరును, తహసీల్దారును నిలదీసింది. సెలవు రోజున, సూర్యాస్తమయం తరువాత కూల్చివేతలు చేయరాదని న్యాయస్థానాలు చెప్పిన సంగతి తెలియదా అని ప్రశ్నించింది. తహసీల్దారు అడిగితే చార్మినార్‌ను కూడా కూల్చివేస్తారా అన్నది ఆనాడు న్యాయమూర్తి వేసిన ప్రశ్న. చార్మినార్ పేరు ఆ ఉదాహరణలోకి ఎందుకు వచ్చిందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు: ఏ అధికారీ తాకడానికి సాహసించని కట్టడం కూడా, చట్టం లేని చోట, ఒక కాగితం దూరంలోనే ఉంటుంది.

అమ్మినవాడు, లేఅవుటు గీసినవాడు, అనుమతి ఇచ్చినవాడు, రిజిస్ట్రేషను చేసినవాడు, బ్యాంకు అప్పు మంజూరు చేసినవాడు, కరెంటు మీటరు బిగించినవాడు, ఇంటి పన్ను రసీదు ఇచ్చినవాడు: ఇంతమంది చేతులు మారి ఒక ఇల్లు లేస్తుంది. కూలేటప్పుడు మాత్రం చివరివాడు ఒక్కడే మునుగుతాడు. కొద్దిమంది అధికారులపై కేసులు పెట్టారు. ఆ తరువాత వాటి ముచ్చట వినబడలేదు. హైడ్రా రంగంలోకి దిగేనాటికి నగరంలోని అనేక చెరువులకు ఎఫ్‌టీఎల్ అనే పూర్తి నీటిమట్టపు తుది నోటిఫికేషను కూడా వెలువడలేదు. సరిహద్దు గీయకముందే గొడ్డలి ఎత్తినవాడు చెరువుకు మేలు చేయడు. ప్రతి కూల్చివేత కోర్టులో చిక్కుకుని, చివరకు ఆక్రమణదారునికే ఊతం దొరుకుతుంది.

ఉత్తరప్రదేశ్‌లో, జహంగీర్‌పురిలో, నూహ్‌లో ముస్లింల ఇళ్ల మీదకు బుల్డోజర్లు వచ్చినప్పుడు వాటిని ఖండించిన పార్టీలలో కాంగ్రెస్ ముందున్నది. ఆ ఖండన సరైనదే. తెలంగాణలో బుల్డోజరు మతం చూసి రాలేదన్నది కూడా నిజమే. అమీన్‌పూర్‌లో, కూకట్‌పల్లిలో రోడ్డున పడినవారు అన్ని మతాలవారు. అయితే నోటీసు, గడువు, వాదన వినిపించుకునే అవకాశం అనేవి అక్కడ ముస్లింకు ఎందుకు అవసరమో ఇక్కడి పేదవానికీ అందుకే అవసరం. యంత్రం నడిపేవాని పార్టీ మారినంత మాత్రాన కూలే గోడకు నొప్పి తగ్గదు.

ఇక్కడొక సూక్ష్మమైన విషయాన్ని గమనించాలి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజరు న్యాయంపై చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఉండాలన్నది. అయితే రహదారి, కాలిబాట, రైలు పట్టాల పక్కస్థలం, నది, జలాశయం వంటి చోట్ల ఉన్న అనధికార కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని కూడా అన్నది. అంటే నదీతీరపు పేదవాడు దేశమంతటికీ దొరికిన ఆ కవచానికి వెలుపల మిగిలిపోయాడు. మానవత్వమున్న ప్రభుత్వం ఆ ఖాళీని తన ఉత్తర్వుతో పూరించి ఉండవలసింది. ఆ పని జరగలేదు.

మూసీ: మురుగు ఎవరిది, శిక్ష ఎవరికి?

2024 సెప్టెంబరు చివరి వారంలో మూసీ తీరపు ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ‘ఆర్‌బి-ఎక్స్’ అనే అక్షరాలు వెలిశాయి. చాదర్‌ఘాట్ మూసానగర్, శంకర్‌నగర్, లంగర్‌హౌజ్, చైతన్యపురి ప్రాంతాలలో ఆందోళన చెలరేగింది. అక్టోబరు మొదటి వారానికి మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్లు కూలడం మొదలైంది. ఇక్కడి నివాసులలో అధికభాగం ముస్లిం కూలీలు, ఆటో డ్రైవర్లు, తోపుడుబండ్లవారు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు. వారి పక్కనే దళిత, వెనుకబడిన కులాల కుటుంబాలు.

కొన్ని కుటుంబాలకు మలక్‌పేట ప్రాంతంలోనే రెండు పడకగదుల ఇళ్లు ఇచ్చిన మాట వాస్తవం. అది చెప్పకపోతే మన వాదన న్యాయమైనది కాదు. కాని ఇల్లు ఇవ్వడం వేరు, పునరావాసం వేరు. ఒకే ఇంటిలో మూడు పొయ్యిలు పెట్టుకుని బతుకుతున్న ముగ్గురు అన్నదమ్ములకు ఒక ఫ్లాటు చాలుతుందా? ఇరవై ఏళ్లుగా అద్దెకు ఉంటున్నవాని పేరు ఏ జాబితాలో ఎక్కుతుంది? పట్టా ఉన్నవాని నేలకు వెల ఎవరు కడతారు? విద్యా సంవత్సరం మధ్యలో బడి మారిన పిల్ల సంగతి ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నలన్నిటికీ సమాధానం చెప్పడానికే 2013లో భూసేకరణ, పునరావాస చట్టం వచ్చింది. సామాజిక ప్రభావ అంచనా, బహిరంగ విచారణ, న్యాయమైన పరిహారం అందులోని మెట్లు. ఆ చట్టాన్ని తెచ్చింది కాంగ్రెస్ నాయకత్వంలోని కేంద్ర ప్రభుత్వమే. సొంత పార్టీ చేసిన చట్టాన్ని గోడ మీద ఎర్రరంగుతో చెరిపివేయడానికి ముఖ్యమంత్రికి అధికారం ఎవరిచ్చారు?

తనను విమర్శించే ప్రతిపక్ష నాయకులు మూడు నెలలు మూసీ ఒడ్డున నివసించి చూడాలని ముఖ్యమంత్రి అక్టోబరులో సవాలు విసిరారు. ఆ దుర్గంధంలో మనుషులు బతకరాదన్నది ఆయన భావం. ఒప్పుకుంటాము. కాని ఆ దుర్గంధాన్ని పుట్టించింది మూసానగర్ కాదు. కోటిమందికి పైగా జనమున్న నగరపు మురుగు, శుద్ధి కాకుండానే వచ్చి కలిసే నాలాలు, మందుల పరిశ్రమల రసాయనాలు మూసీని ఈ స్థితికి తెచ్చాయి. 104 దేశాల నదులలో ఔషధ అవశేషాలను కొలిచిన ఒక అంతర్జాతీయ అధ్యయనం 2022లో వెలువడినప్పుడు, ప్రపంచంలో అత్యంత కలుషితమైన నదుల వరుసలో మూసీ కూడా నిలిచింది. ఆ విషాన్ని వదిలిన ఫ్యాక్టరీలలో ఎన్నింటి గోడల మీద ఎర్రరంగు పడింది? దిగువన నల్గొండ జిల్లా రైతు ఆ నీటితోనే వరి పండిస్తున్నాడు. 2024 నవంబరు 8న తన పుట్టినరోజున యాదాద్రి భువనగిరి జిల్లాలో మూసీ వెంట పాదయాత్ర చేసిన ముఖ్యమంత్రి ఆ రైతు వేదన విన్నారు. విన్న తరువాత ఆయన చేతి కింది యంత్రాంగం ఏ కాలుష్య కారకుని తలుపు తట్టిందో ప్రజలకు తెలియదు.

మూసీ ప్రణాళిక మొదట లక్షన్నర కోట్ల రూపాయలదన్న మాట వినిపించింది. ఆ తరువాత అది ప్రతిపక్షం సృష్టి అన్నారు. సమగ్ర ప్రణాళిక తయారీకి మాత్రమే 141 కోట్ల రూపాయల ఒప్పందం జరిగిందని ముఖ్యమంత్రి స్వయంగా వివరించారు. లండన్‌లో థేమ్స్ చూశారు. మంత్రులు, పాత్రికేయులు సియోల్ వెళ్లి చంగ్యేచాన్ వాగు చూసి వచ్చారు. ఆ వాగులో నేడు పారేది ఎక్కువగా హాన్ నది నుండి పంపులతో ఎత్తిపోసే నీరని, అక్కడి చిరువ్యాపారులు వీధిన పడి ఉద్యమించారని తిరిగి వచ్చినవారు మనకు చెప్పలేదు. 2025 సెప్టెంబరు 8న గోదావరి జలాల పథకానికి గండిపేటలో శంకుస్థాపన జరిగింది. అందులో రెండున్నర టీఎంసీలు మూసీకి అన్నారు. మురుగు రాకను ఆపకుండా మంచినీళ్లు తెచ్చి పోస్తే మురుగు పలుచబడుతుంది, శుద్ధి కాదు. శుద్ధి కావలసినవాడు నాలాల దగ్గర మొదలుపెడతాడు. స్థలం కావలసినవాడు ఇళ్ల దగ్గర మొదలుపెడతాడు. ఈ ప్రభుత్వం ఎక్కడ మొదలుపెట్టిందో అందరమూ చూశాము.

దామగుండం నుండి కంచ గచ్చిబౌలి దాకా

మూసీ పుట్టింది వికారాబాద్ అనంతగిరి కొండలలో. నది మీద నిజమైన ప్రేమ ఉన్నవానికి ఆ కొండల పచ్చదనం ప్రాణసమానం కావాలి. ఆ ప్రాంతంలోని దామగుండం రక్షిత అటవీ భూమి సుమారు 2,900 ఎకరాలను నౌకాదళపు రాడార్ కేంద్రానికి అప్పగించింది ఈ ప్రభుత్వమే. 2024 అక్టోబరు 15న కేంద్ర రక్షణ మంత్రితో కలిసి ముఖ్యమంత్రి శంకుస్థాపన వేదిక మీద కూర్చున్నారు. అదే నెలలో హైదరాబాద్‌లో నది ఒడ్డున ఇళ్లు కూలుతున్నాయి. నది తలను నరకడానికి సంతకం చేసి, నది పాదాల దగ్గరి గుడిసెను నేరస్థునిగా నిలబెట్టడం ఏ పర్యావరణ శాస్త్రంలోనిది?

ఆ తరువాతి నెలలో, ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గమైన కొడంగల్‌లో, లగచర్ల ఉదంతం జరిగింది. ఫార్మా పరిశ్రమ కోసం భూసేకరణను గిరిజన రైతులు ఎదిరించారు. నవంబరు 11న కలెక్టరుపై దాడి జరిగింది. దాడిని ఎవరూ సమర్థించరు. కాని దాని పేరిట తండాలలో అర్ధరాత్రి అరెస్టులు సాగాయి. నవంబరు 29న ఫార్మా నోటిఫికేషనును ఉపసంహరించుకుని, అదే నేల మీద పారిశ్రామిక పార్కు అన్నారు. ముచ్చర్ల ఫార్మాసిటీని రద్దు చేస్తామని ఎన్నికలకు ముందు ఊరూరా చెప్పినవారు, గద్దెనెక్కాక అక్కడి నేలకు ‘ఫ్యూచర్ సిటీ’ అని పేరు పెట్టారు. పేరు మారినా రైతు చేతికి భూమి తిరిగి రాలేదు.

కంచ గచ్చిబౌలితో మిగిలిన తెర కూడా తొలగింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న 400 ఎకరాల పొద అడవి అది. జింకలు, నెమళ్లు, బండరాళ్ల మధ్య నీటి మడుగులు ఉన్న చోటు. యాజమాన్యం ప్రభుత్వానిదేనని న్యాయస్థానాలు తేల్చిన మాట నిజం. కాని చెరువు ప్రభుత్వానిదే, అడవి ప్రభుత్వానిదే; యాజమాన్యం ఉన్నదంటే కాపాడే బాధ్యత ఉన్నదని అర్థం, అమ్ముకునే హక్కు ఉన్నదని కాదు. 2025 మార్చి 30న, ఉగాది నాడు, పదుల సంఖ్యలో యంత్రాలు అడవిలోకి దిగాయి. అడ్డుకున్న విద్యార్థులను పోలీసులు ఈడ్చుకువెళ్లారు. మరునాడు ఈదుల్ ఫిత్ర్. రెండు సమాజాలు పండుగలో ఉండగా, కోర్టులకు సెలవులు ఉండగా, రాత్రింబవళ్లు చెట్లు కూలాయి. అమీన్‌పూర్‌లో ఆదివారాన్ని ఎంచుకున్న బుద్ధే ఇక్కడ పండుగ సెలవులను ఎంచుకున్నది.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను జోక్యం చేసుకుని పనులు ఆపించింది. అప్పటికే సుమారు వంద ఎకరాలు బోడి అయ్యాయి. సెలవులను చూసుకుని ఎందుకు అంత తొందరపడ్డారని అడిగింది. అడవిని తిరిగి పెంచకపోతే అధికారులు జైలుకు వెళ్లవలసి ఉంటుందని మే నెలలో హెచ్చరించింది. నీటి వనరులను కాపాడే సేనానిగా మనమంతా చూసిన ముఖ్యమంత్రి ప్రభుత్వానికి దేశంలోని అత్యున్నత న్యాయస్థానం చెట్ల గురించి పాఠం చెప్పవలసి వచ్చింది. కృత్రిమ మేధతో చేసిన నకిలీ చిత్రాలే ఇంత గొడవకు కారణమని ప్రభుత్వం వాదించింది. కొన్ని చిత్రాలు నకిలీవే కావచ్చు. వంద ఎకరాల మోళ్లు నకిలీవి కావు.

మనవారి చెరువు ప్రశ్న

ఈ పత్రిక పాఠకులు తప్పించుకోరాని ప్రశ్న ఒకటి ఉన్నది. సల్కం చెరువు దగ్గరి ఫాతిమా ఒవైసీ కళాశాలను హైడ్రా ఎందుకు తాకలేదని విమర్శలు రాగా, అందులో వేలాదిమంది పేద ముస్లిం బాలికలు ఉచితంగా చదువుకుంటున్నారని, ఆ సామాజిక కారణం వల్లనే ఆగామని 2025 జూలైలో ఆ సంస్థ వివరించింది. మతతత్వ శక్తులు దీనిని ముస్లిం బుజ్జగింపుగా ప్రచారం చేస్తున్నాయి.

బాలికల చదువు సాగాలన్నది మనకూ ఇష్టమే. ఏ తరగతి గదీ కూలరాదు. కాని ఆ సూత్రం నిజమైతే అది మూసానగర్‌కూ వర్తించాలి. అక్కడి బాలిక కూడా పేద ముస్లిం బాలికే. ఆమె బడికి వెళ్లేది ఆ ఇంటి నుండే. శక్తిమంతుడైన నాయకుని సంస్థకు సామాజిక కారణం కనబడి, కూలివాని ఇంటికి కనబడకపోతే, అది ముస్లింలకు చేసిన ఉపకారం కాదు. పలుకుబడికి పెట్టిన నమస్కారం. దాని ఖరీదును బుజ్జగింపు అనే నింద రూపంలో మోసేది మాత్రం సముదాయం మొత్తం. మన నాయకులు తమ సంస్థ కోసం గుండ్లకు ఎదురు నిలుస్తామన్నారు. అదే ధైర్యం నదీతీరపు ప్రతి గడప ముందూ కనబడాలని కోరడం మన హక్కు.

రాజ్యంలో గొంతు లేనివారు

2023 నవంబరులో కాంగ్రెస్ పార్టీ హైదరాబాద్‌లో మైనారిటీ డిక్లరేషన్ ప్రకటించింది. మైనారిటీ సంక్షేమానికి ఏటా 4,000 కోట్ల రూపాయలు అన్నది. అధికారం వచ్చిన తరువాత, 2023 డిసెంబరు నుండి 2025 అక్టోబరు 31న శ్రీ అజహరుద్దీన్ ప్రమాణం చేసే దాకా, దాదాపు 23 నెలలు మంత్రివర్గంలో ఒక్క ముస్లిం లేడు. హైడ్రా ఉత్తర్వు, మూసీ గుర్తులు, కంచ గచ్చిబౌలి యంత్రాలు: అన్నీ ఆ 23 నెలలలోనివే. చివరకు కుర్చీ దక్కింది జూబ్లీహిల్స్ ఉపఎన్నిక ముంగిట్లో. మంత్రి పదవి ఒక్కటే గోడలను నిలబెడుతుందని మనం అనడం లేదు. మూసానగర్ గోడ మీద రంగు పూయాలన్న నిర్ణయం జరిగిన గదిలో మూసానగర్ సంగతి తెలిసినవారు ఒక్కరైనా లేరన్నదే మన బాధ.

మరొక వైపు, ఈ విషయాలపై కన్నీరు కార్చే ఇతర పార్టీల చరిత్ర కూడా మనకు తెలుసు. జంట జలాశయాలకు రక్షణగా 1996లో వచ్చిన 111వ నంబరు ఉత్తర్వును 2022లో తొలగించే ప్రయత్నం చేసింది భారత రాష్ట్ర సమితి ప్రభుత్వం. కంచ గచ్చిబౌలి చెట్ల కోసం ప్రధానమంత్రి హర్యానా సభలో విచారం వెలిబుచ్చారు. హస్‌దేవ్ అడవులు, గ్రేట్ నికోబార్ అడవుల విషయంలో ఆ విచారం ఎక్కడికి పోయిందో తెలియదు. కనుక మన అసంతృప్తిని తమ సంచిలో వేసుకోవాలని ఎవరూ ఆశపడవద్దు.

హైడ్రా చేసిన మంచిని కూడా కాదనము. అంబర్‌పేట బతుకమ్మకుంట పూడిక తీసి నీళ్లతో నిండి, 2025 సెప్టెంబరులో ప్రజలకు అందింది. చిత్తశుద్ధి ఉంటే చెరువు బతుకుతుందనడానికి అది సాక్ష్యం. అదే నెలాఖరున మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషను మునిగింది. మూసానగర్ జనాన్ని మళ్లీ తరలించవలసి వచ్చింది. ప్రమాదం కల్పితం కాదు. అందువల్లనే దాని పేరిట జరిగే వంచన మరింత నీచమైనది.

మన డిమాండ్లు

ముఖ్యమంత్రి గారి ముందు కొన్ని స్పష్టమైన విషయాలు ఉంచుతున్నాము. నగరంలోని ప్రతి చెరువు పూర్తి నీటిమట్టాన్ని, దాని పరిధిలోని ప్రతి కట్టడాన్ని, సంపన్నులవీ సంస్థలవీ పేదలవీ ఒకే పట్టికలో, తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రకటించాలి. నివాసమున్న ఇంటిని కనీసం 15 రోజుల నోటీసు లేకుండా, సెలవు రోజున, పరీక్షల కాలంలో కూల్చబోమని ఉత్తర్వు ఇవ్వాలి. మూసీ నిర్వాసితులకు 2013 చట్టాన్ని అక్షరాలా అమలు చేయాలి. అద్దెదారులను, ఉమ్మడి కుటుంబాలను లెక్కించాలి. నది శుద్ధి పని నాలాల నుండి, పరిశ్రమల నుండి మొదలు కావాలి. విషం వదిలిన సంస్థల పేర్లు, వాటిపై తీసుకున్న చర్యలు ఏటా శాసనసభ ముందు ఉంచాలి. శిఖం భూమిలో అనుమతులు ఇచ్చిన అధికారుల ఆస్తుల నుండి, అమ్మిన వ్యాపారుల ఆస్తుల నుండి బాధితులకు పరిహారం రాబట్టాలి. కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను శాశ్వతంగా అడవిగా ప్రకటించాలి.

వీటిలో ఏ ఒక్కటీ చెరువుకు వ్యతిరేకం కాదు. అన్నీ నెరవేరితే చెరువులు ఇప్పటికంటె ఎక్కువగా దక్కుతాయి, ఎందుకంటే అప్పుడు ప్రతి తొలగింపు న్యాయస్థానంలో నిలబడుతుంది, ప్రతి బస్తీ తన చెరువుకు తానే కావలి కాస్తుంది.

మన సోదరులకు ఒక మాట. ఈ ముఖ్యమంత్రి నిరాశపరిచారన్న కోపంలో చెరువుల పక్షాన్ని వదిలిపెట్టవద్దు. హాఫిజ్‌బాబానగర్‌కు వచ్చే వరద ఏ పార్టీ అధికారంలో ఉన్నదని అడగదు. ప్రతి మొహల్లాలో మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు కలిసి తమ నాలా, తమ కుంట, వాటి రికార్డులు ఏమిటో సమాచార హక్కు చట్టం కింద తెప్పించుకోవాలి. శిఖం భూమిలో ప్లాటు అమ్మజూపేవాడు మన మతంవాడైనా, మన బంధువైనా వాని పేరు బహిరంగంగా చెప్పాలి. రేపు నగరపాలక ఎన్నికల ఓటు కోసం గల్లీకి వచ్చే ప్రతి అభ్యర్థినీ, అతడు ఏ పార్టీవాడైనా, రెండు ప్రశ్నలు అడగాలి: మా చెరువు హద్దు ఎక్కడ? ఆ హద్దులో ఉన్న మీ పెద్దమనిషి కట్టడం ఎప్పుడు తొలగుతుంది? ఆ రెండవ ప్రశ్నకు తేదీతో సమాధానం చెప్పగలిగినవానికే మూసానగర్ వైపు వేలు చూపే అర్హత ఉంటుంది.